నూరిన చేయి

తత్త్వశాస్త్రానికి మంగలికత్తి మీద మోజు ఎక్కువ. ఆత్మను తెలుసుకునే దారి ఎంత కష్టమో చెప్పడానికి కఠోపనిషత్తు దాని అంచునే పోలికగా తెచ్చుకుంది. ఆ పోలిక నుంచే సోమర్సెట్ మామ్ 1944లో తన నవలకి పేరు తీసుకున్నాడు. అనవసరమైన ఊహలని కోసి పారేయమనే తర్కసూత్రానికి పడమటి దేశాల వాళ్ళు 14వ శతాబ్దపు క్రైస్తవ సన్యాసి విలియం ఆఫ్ ఓకమ్ పేరు మీద 'ఓకమ్ కత్తి' అని పేరు పెట్టారు. వాళ్ళ భాషలో అది కూడా గడ్డం గీసే కత్తే. ఇన్ని చోట్ల అంచు కనిపిస్తుంది, సానరాయి మాత్రం కనిపించదు. కఠోపనిషత్తు శ్లోకంలో ఆ అంచుకి ఒక విశేషణం ఉంది. 'నూరబడినది' అని దాని అర్థం. నూరింది ఎవరో లేదు. కర్మణి ప్రయోగంలో కర్తని వదిలేయడానికి వ్యాకరణం ఒప్పుకుంటుంది. కులసమాజం ఆ వెసులుబాటుని వ్యాకరణం కన్నా ఎక్కువగా వాడుకుంది.

ఈ వ్యాసం ఆ వదిలేసిన కర్త గురించి. నా ప్రశ్న చిన్నదే. కత్తికి పదును పెట్టే మనిషికి, ఆ కత్తి చేసే పనిలో ఎంత బాధ్యత ఉంటుంది? నాకు ఇది ఊహాప్రశ్న కాదు. నేను నాయీబ్రాహ్మణ కుటుంబంలో పుట్టాను. 'మంగలి' అన్న మాటని మనుషుల్ని కించపరచడానికి వాడకూడదని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023లో ఉత్తర్వు ఇచ్చింది. మంచిదే. కాబట్టి మనుషులకి ఆ మాట వాడను. కత్తికి మాత్రం ఇంకో పేరు మా ఇంట్లో ఎప్పుడూ లేదు, అలాగే వాడతాను.

ముందు పని గురించి చెప్పాలి. పని తెలియకుండా దాని నీతి గురించి మాట్లాడితే గాల్లో మాటలవుతాయి.

మంగలికత్తి వంటింటి కత్తిలా కాదు. వెన్ను లావుగా ఉంటుంది, పక్కలు లోపలికి తొలిచి ఉంటాయి, అంచు దగ్గరికి వచ్చేసరికి ఉక్కు కాగితం కన్నా పల్చన. నూరేటప్పుడు కత్తిని రాయి మీద బల్లపరుపుగా పడుకోబెట్టాలి. వెన్నూ అంచూ రెండూ రాతికి తగలాలి. ఎంత కోణంలో నూరాలో మనిషి లెక్కకట్టక్కర్లేదు, వెన్ను ఎత్తే ఆ కోణాన్ని నిర్ణయిస్తుంది. అంచు ముందుండేలా తోయాలి. చివరికి వచ్చాక అంచు రాయి మీదినుంచి ఎత్తి, వెన్ను మీద తిప్పి, రెండో పక్కన వెనక్కి తేవాలి. ఇటు ఎన్నిసార్లో అటూ అన్నిసార్లు. బలం పెట్టకూడదు. బలం పెడితే అంచు వంగిపోతుంది. చివర్లో కత్తి సొంత బరువు చాలు, చేయి ఊరికే తోడు ఉండాలి. ఆ తర్వాత తోలుపట్టీ. అక్కడ పద్ధతి తిరగబడుతుంది, వెన్ను ముందు వెళ్ళాలి, అంచు వెనక రావాలి. మరిచిపోయి రాతి మీద తోసినట్టు తోస్తే తోలూ తెగుతుంది, అంచూ పోతుంది.

మా ఇంట్లో రాళ్ళు రెండు. ఒకటి ముతకది, చాలా ఏళ్ళకొకసారి బయటికి వచ్చేది. రెండోది ఎవరో పగలగొట్టుకున్న బడిపలక ముక్క. నీళ్ళు చిలకరించి దాని మీద ఇంకో చిన్న ముక్కతో రుద్దితే నల్లటి పాలలాంటిది వచ్చేది. మొదట ఆ చిక్కటి దాంట్లో నూరడం, తర్వాత చుక్కచుక్కగా నీళ్ళు కలుపుతూ పల్చన చేయడం, చివరికి ఒట్టి నీళ్ళ మీద నూరడం. ఇది మా ఇంటి మొరటు ఉపాయం అనుకునేదాన్ని. తర్వాత చదివితే తెలిసింది, జర్మనీలో థురింగియా కొండల్లో దొరికే పలకరాయి కత్తులు నూరడానికి పేరుపొందిందని, అదే ప్రాంతంలో స్టైనాఖ్ అనే ఊరు ఒకప్పుడు బడిపిల్లల పలక బలపాలకి కేంద్రంగా ఉండేదని. బెల్జియంలో ఆర్డెన్ కొండల్లో కోటిక్యూల్ అనే పసుపు రాయి దొరుకుతుంది. దాంట్లో కంటికి కనపడనంత చిన్న గార్నెట్ రేణువులు ఉక్కుని మెల్లగా అరగదీస్తాయి. దాని మీద కూడా పాలు తీసి, నీళ్ళతో పల్చన చేస్తూ నూరడమే పద్ధతి. ఇప్పుడు ఆ రాళ్ళని అభిరుచి ఉన్నవాళ్ళు ప్రపంచమంతటి నుంచీ కొనుక్కుంటారు, ఒక్కో రాయి గుణం మీద గంటలకొద్దీ చర్చించుకుంటారు. అదంతా వాళ్ళకి కళ. అదే జ్ఞానం మా వాళ్ళ చేతిలో ఉన్నప్పుడు మైల. గడ్డం చేయించుకున్న మనిషి తలమీద నీళ్ళు పోసుకుని గానీ ఇంట్లోకి వెళ్ళేవాడు కాదు. పదును వాళ్ళ చెంపకి కావాలి, పదును పెట్టిన చేయి గుమ్మం అవతల ఉండాలి.

సహజమైన రాయికి అంకె ఉండదు. ఫ్యాక్టరీలో చేసిన రాయి మీద ఎంత నునుపో ఒక సంఖ్య వేసి ఉంటుంది. కొండలోంచి తీసిన రాయిని వాడుతూ వాడుతూ తెలుసుకోవాల్సిందే. ఎక్కడ గట్టిగా ఉంది, ఎన్ని నీళ్ళు తాగుతుంది, ఏ మూల గీత పెడుతుంది అన్నది ఆ ఒక్క రాయికీ ఆ ఒక్క చేతికీ మధ్య వ్యవహారం. డానా హారవే 1988లో, జ్ఞానం ఎప్పుడూ ఎక్కడో ఒకచోట నిలబడి చూసేదే అని వాదించినప్పుడు మనం తరగతి గదుల్లో దాన్ని గొప్ప తిరుగుబాటుగా చదువుకున్నాం. పలక ముక్క ముందు కూర్చున్న ఆడమనిషికి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆడమనిషి అన్నాను. 'చాకలి కొత్త, మంగలి పాత' అని సామెత. క్షవరం చేసే చేయి పాతబడేకొద్దీ పనితనం పెరుగుతుందని దాని భావం. సామెతలో ఉన్నది మగవాడి చేయి. మా ఇంట్లో కత్తి పట్టుకుని ఊళ్ళోకి వెళ్ళింది తాత. మధ్యాహ్నం వంట అయ్యాక వసారాలో కూర్చుని ఆ కత్తి నూరింది నాయనమ్మ. తాతకి ఇళ్ళు తిరగడానికే పొద్దు చాలేది కాదు. పెళ్ళిళ్ళ కాలంలో సన్నాయి మేళం కూడా ఉండేది. అందుకని ఆ పని ఆమె మీద పడింది, నాలుగు దశాబ్దాలు ఆమె మీదే ఉండిపోయింది. ఊరంతా తాత చేతివాటం గురించి చెప్పుకునేది. పొది విప్పగానే పాపం ఆ కత్తి నోరు విప్పి చెప్పలేదు గదా.

పదును చూడడానికి నాయనమ్మ పద్ధతి ఒకటే. తన తలలోంచి ఒక వెంట్రుక పీకి, రెండు వేళ్ళతో వేలాడదీసి, అంచు దగ్గరికి తెచ్చేది. ఊరికే ఆనించగానే రెండుగా తెగిపడితే కత్తి సిద్ధం. తెగక పక్కకి జారిపోతే మళ్ళీ రాయి మీదికి.

మాది గోదావరి జిల్లాలో ఒక అగ్రహారం. 1940 ప్రాంతం వరకూ ఆ ఊళ్ళో భర్త పోయిన బ్రాహ్మణ స్త్రీలకి శిరోముండనం చేయించేవారు. చేసింది మా తాత, ఆయనకి ముందు ఆయన తండ్రి. మా కులంలో వితంతువుకి తల గొరిగే ఆచారం లేదు. తమ ఇంటి ఆడవాళ్ళకి చేయని పనిని ఇంకో ఇంటి ఆడవాళ్ళకి చేయడం మా వాళ్ళ వృత్తిధర్మంలో భాగం. ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఆ ఇళ్ళల్లో కాన్పులు చేసింది మా ఇంటి ఆడవాళ్ళు. నాయనమ్మ అత్తగారు చేతుల్లోకి తీసుకుని బొడ్డు కోసిన పిల్లల్లో ఒకామెకి పద్దెనిమిదేళ్ళకి భర్త పోయాడు. ఆమె తలకి కత్తి నూరింది నాయనమ్మ. నేను డిగ్రీలో ఉండగా ఆ సంగతి చెప్పింది. "ఆ రోజు కత్తిని రోజూ కన్నా రెండింతలు నూరానే. ఆ తల్లికి నొప్పి తగలకూడదు గదా" అంది. అంతకుమించి ఏమీ అనలేదు. ఆ మాటలో గర్వం లేదు, పశ్చాత్తాపం కూడా నాకు వినబడలేదు. చాలా ఏళ్ళు నేను ఆ మాటని కరుణగానే గుర్తుపెట్టుకున్నాను. కరుణ కాదని ఇప్పటికీ అనను. మొద్దుకత్తితో గొరిగితే నెత్తి చీరుకుపోతుంది, వారాలు మానదు. పదునైన కత్తి తక్కువ బాధపెడుతుంది. ఇది నిజం.

ఒక సదస్సులో ఈ సంగతి చెప్పాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒకావిడ నా పక్కకి వచ్చి కూర్చున్నారు. చాలా కాలంగా ఎరిగిన రచయిత్రి, బ్రాహ్మణ కుటుంబం. వాళ్ళ అమ్మమ్మ చెల్లెలికి పదహారో ఏట శిరోముండనం జరిగిందట. మా ఊరు కాదు, మా తాతా కాదు. "మా చిన్నమ్మమ్మ ఒక మాట అనేదండీ. మీరు ఏమీ అనుకోకపోతే చెప్తాను" అన్నారు. చెప్పమన్నాను. "ఆ కత్తి ఎంత పదునో, ఏమీ తెలియలేదు. తెలిసేసరికి జుట్టంతా ఒళ్ళో ఉంది. నొప్పి పుట్టి ఉంటే ఆ వంకన గట్టిగా ఏడిచేదాన్ని. దానికి కూడా దిక్కు లేకుండా పోయింది, అనేది" అన్నారు.

కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. తర్వాత ఆవిడే, "మీ నాయనమ్మగారిది తప్పని నేను అనడం లేదండీ" అన్నారు. నాకూ ఆ సంగతి తెలుసు. కానీ తప్పు కాదంటే సరిపోదు. ఒకే పదును నూరిన చేతికి దయగా అనిపించింది, దాని కింద కూర్చున్న తలకి నోరు నొక్కినట్టు అనిపించింది. రెండూ నిజమే అయినప్పుడు ఏం చేయాలి?

స్త్రీవాద నైతిక చింతనలో సంరక్షణకి పెద్ద స్థానం ఉంది. బెరెనిస్ ఫిషర్, జోన్ ట్రోంటో 1990లో దాన్ని చాలా విశాలంగా నిర్వచించారు. మన ప్రపంచాన్ని నిలబెట్టడానికి, కొనసాగించడానికి, బాగుచేసుకోవడానికి చేసే ప్రతి పనీ సంరక్షణే అన్నారు. ట్రోంటో 1993లో వచ్చిన 'మోరల్ బౌండరీస్'లో దానికి నాలుగు గుణాలు చెప్పింది: ఎదుటివాళ్ళ అవసరాన్ని గమనించడం, బాధ్యత తీసుకోవడం, పనిలో నేర్పు, ఎదుటివాళ్ళ స్పందనని పట్టించుకోవడం. ఇళ్ళల్లో మన తల్లులు చేసిన చాకిరీకి తత్త్వశాస్త్రంలో చోటు దొరికింది ఈ ఆలోచన వల్లనే. దాని విలువ నాకు తెలుసు. అయినా నాయనమ్మని దాని పక్కన నిలబెడితే నాకు ఇబ్బంది మొదలవుతుంది. ఆమెకి మొదటి మూడు గుణాలూ నిండుగా ఉన్నాయి. ఆ అమ్మాయి నొప్పిని గమనించింది. బాధ్యత తీసుకుంది. నేర్పుకి కొదవ లేదు. నాలుగోదానికే దారి లేదు. పొది మాత్రమే ఆ ఇంటి పెరట్లోకి వెళ్ళింది, నాయనమ్మ వెళ్ళలేదు. ఆ అమ్మాయికి ఎలా ఉందో ఆమెకి ఎవరూ చెప్పలేదు, ఆమె అడగగలిగే చోటా లేదు.

ఇక్కడ నాకు అర్థమైంది ఏమిటంటే, నేర్పు అన్యాయాన్ని సాఫీగా నడిపించగలదు. చీరుకుపోయిన నెత్తి చూస్తే ఏ తండ్రికైనా ఒక క్షణం గుండె ఆగేదేమో. నున్నటి తల చూసి ఆచారం సవ్యంగా జరిగిందనుకున్నారు. ఆదేశించినవాళ్ళు అరుగు మీదే ఉండిపోయారు. ఆ స్త్రీ ఒంటికి తగిలింది మా తాత చేయి, గుర్తుండిపోయింది కూడా అదే. వితంతువుల మీద నేను చదివిన సంస్కరణ కాలపు కథల్లో క్షురకుడు ఒక భయంలా వస్తాడు, గుమ్మంలో నిలబడతాడు, కత్తి తీస్తాడు, వెళ్ళిపోతాడు. అతనికి పేరుండదు, ఇల్లుండదు, కాదనగలడా అన్న ప్రశ్న ఉండదు.

కాదనగలడా? ఒకచోట అన్నారు. 1890లో బొంబాయిలో క్షురకులు వందల సంఖ్యలో కూడి, ఇకమీద వితంతువుల తల గొరగబోమని తీర్మానం చేశారు. దాని వెనక సత్యశోధక సమాజానికి చెందిన నారాయణ్ మేఘాజీ లోఖండే ఉన్నాడు. బొంబాయి మిల్లు కార్మికులని కూడగట్టింది కూడా ఆయనే. పండిత రమాబాయి 1887లో 'ది హై కాస్ట్ హిందూ వుమన్'లో వితంతువు బతుకుని, ఆమె తల గొరగడాన్నీ ప్రపంచం ముందు పెట్టింది. 1882లో తారాబాయి షిండే 'స్త్రీ పురుష తులన' రాసింది. వీటిని మనం స్త్రీవాద చరిత్రలో భాగంగా చదువుతాం, చదివిస్తాం. క్షురకుల తీర్మానాన్ని మాత్రం కార్మిక చరిత్రలోనో కులచరిత్రలోనో ఒక పక్క పెడతాం. నా దృష్టిలో అది స్త్రీవాద చరిత్రే. శరీరం మీద జరిగే హింసకి సాధనమైన చేయి తనంతట తాను వెనక్కి తగ్గిన సందర్భం మన చరిత్రలో తరచుగా కనిపించదు.

అయితే ఆ తీర్మానాన్ని చూపించి మా తాతని, నాయనమ్మని బోనెక్కించడానికి నేను ఒప్పుకోను. బొంబాయి నగరం. అక్కడ క్షవరానికి డబ్బులు ముట్టేవి, ఒక ఇల్లు పోతే ఇంకో ఇల్లు ఉండేది, పక్కన వందల మంది ఉన్నారు. మా ఊళ్ళో మాది ఒక్కటే కుటుంబం. ఏడాదికొకసారి కళ్ళం దగ్గర కొలిచే మేర ధాన్యం మీద బతుకు. ఉన్న ఇంటి స్థలం కూడా ఆ పెద్దలదే. కాదంటే మేర ఆగిపోతుంది, పక్క ఊరినుంచి ఇంకో కుటుంబం వస్తుంది, ఆ అమ్మాయి తల ఎలాగూ గొరుగుతారు, బహుశా మొద్దుకత్తితో. నాయనమ్మ ఈ లెక్క మాటల్లో చెప్పలేదు. రెండింతలు నూరడంలో ఆ లెక్క ఉంది. నైతిక బాధ్యతని నేర్పుని బట్టి కొలవకూడదు, కాదనగలిగే శక్తిని బట్టి కొలవాలి అన్నది నా వాదన. ఒక మనిషి నుంచి నేర్పునంతా తీసుకుని, కాదనే శక్తిని మాత్రం ఇవ్వకుండా, జరిగినదాని పాపాన్ని ఆ మనిషి చేతికే అంటగట్టడం కులవ్యవస్థ చేసిన పని. ఆడవాళ్ళ విషయంలో కుటుంబం చేసేది కూడా అదే.

ఇప్పుడు ఆ కత్తి వాడుకలో లేదు. మా తమ్ముడు సెలూన్ నడుపుతున్నాడు. 1990ల తర్వాత ఎయిడ్స్ భయంతో, ఒక్కో మనిషికి ఒక్కో కొత్త బ్లేడు అన్నది నియమమైంది. బ్లేడుని మధ్యకి విరిచి, సగం ముక్కని పిడికి తొడిగి, పని అయ్యాక పారేస్తారు. తిరుమల కల్యాణకట్టలో ఇప్పుడు మహిళా క్షురకులు కూడా ఉన్నారు. ఆడవాళ్ళ తల మీద ఆడచేయి ఉండడం చిన్న మార్పు కాదు. నూరడం పోయినందుకు నాకు దిగులు లేదు. తమ్ముడికి పలక ముక్క నేర్పలేదని నాన్న ఎన్నడూ బాధపడలేదు, గుమ్మం అవతల నిలబడే బతుకు వాడికి తప్పినందుకు సంతోషించాడు. కింగ్ జిలెట్ 1901లో కంపెనీ పెట్టి, 1904లో పేటెంటు సంపాదించి, పారేసే అంచుని అమ్మాడు. 1915లో అదే కంపెనీ ఆడవాళ్ళ కోసం ప్రత్యేకంగా రేజరు తెచ్చింది. చంకల్లో వెంట్రుకలు సిగ్గుపడాల్సిన విషయమని నేర్పడం అప్పుడే ఊపందుకుంది. ఇంకో రకంగా కత్తి మన ఒంటి మీదికి వచ్చింది, ఈసారి మన చేత్తోనే.

పారేసే అంచు ఎక్కడికి పోతుందో కూడా చూడాలి. తెల్లవారుజామున చెత్త వేరుచేసే ఆడవాళ్ళ వేళ్ళు చూస్తే తెలుస్తుంది. పదునుని కాపాడే శ్రమ మాయమైందనుకుంటాం. నిజానికి అది చేతులు మారింది. మునుపు ఒక కులపు చేతికి మైల అంటింది, ఇప్పుడు ఇంకో కులపు చేతికి బ్లేడు కోసుకుంటోంది.

ఇదంతా పాత ముచ్చట అనుకునేవాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. నేను పనిచేసిన ఒక కాలేజీలో, కొన్నేళ్ళ కిందట, తొమ్మిది మంది కాంట్రాక్టు అధ్యాపకులని మానిపించాలని యాజమాన్యం నిర్ణయించింది. ఏడుగురు ఆడవాళ్ళు. ఆ ఉత్తరం రాయమని తెలుగు, ఇంగ్లీషు శాఖల్లో ఉన్న మమ్మల్ని నలుగురిని పిలిచారు. "మేడమ్, మీరైతే మనసు నొచ్చుకోకుండా రాస్తారు" అన్నారు. ఆ మాట వినగానే నాకు పలక ముక్క మీద నల్లటి పాలు గుర్తొచ్చాయి. మేం నలుగురం బయటికి వచ్చి మాట్లాడుకుని, రాయమని చెప్పాం. మా ఉద్యోగాలు పర్మనెంటు, కాదనడానికి మాకు వీలుంది, నలుగురం ఉన్నాం. నాయనమ్మకి లేనివన్నీ మాకున్నాయి. ఉత్తరం ఆగలేదు. ఆఫీసులో ఎవరో మొరటుగా రెండు వాక్యాలు రాసి పంపారు. ఆ రెండు వాక్యాలని పట్టుకునే వాళ్ళు సంఘం దగ్గరికి వెళ్ళారు, అందరికీ చూపించారు. ముగ్గురికి మాత్రం మళ్ళీ పని దొరికింది. మేం మెత్తగా రాసి ఉంటే ఏమయ్యేదో తెలియదు. ఏడవడానికి ఒక వంక మాత్రం వాళ్ళకి మిగిలింది.

మనం, అంటే రాసేవాళ్ళం, పాఠాలు చెప్పేవాళ్ళం, రోజంతా చేసేది ఒక రకంగా నూరుడే. మాటలకి, భావనలకి పదును పెడతాం. ఆ పని మీద మనకి ప్రేమ ఉంటుంది, ఉండాలి కూడా. కమిటీల నివేదికలు, ప్రసంగాల చిత్తుప్రతులు, విధానపత్రాలలో 'జెండర్' పేరుతో ఒక అధ్యాయం, ఇలా ఎన్నో పొదులు మన వసారాల్లోంచి ఊళ్ళోకి వెళ్తుంటాయి. అవి ఏ ఇంటి పెరట్లో విప్పుతారో చాలాసార్లు మనకి తెలుసు. బాగా రాశామా లేదా అన్నంతవరకే మన విమర్శ ఆగిపోతోంది. ఎవరికోసం రాశాం, కాదనే వీలు ఉండి కూడా ఎందుకు అనలేదు, వీలు లేనివాళ్ళకి ఆ వీలు రావడానికి మనం ఏం చేశాం అని అడగడం అలవాటు కావాలి. ఈ అడగడాన్ని ఒంటరి మనిషి అంతరాత్మకి వదిలేస్తే లాభం లేదు. బొంబాయిలో పని చేసింది అంతరాత్మ ఒక్కటే కాదు, వందల మంది కూడిన సభ.

తాత కత్తి ఇప్పుడు నా దగ్గర ఉంది. ఏళ్ళ తరబడి నూరుళ్ళకి వెడల్పు సగానికి పైగా తగ్గిపోయింది. నూరిన ప్రతిసారీ కొంచెం ఉక్కు పోతుంది గదా. వాడకపోయినా గాలిలో తేమకి అంచు చెడుతుంది, అందుకని నూనె రాసి ఉంచుతాను, ఏడాదికొకసారి పలక ముక్క తీస్తాను. మా అమ్మాయి పక్కన కూర్చుని నేర్చుకుంది. నా కన్నా దాని చేయి తేలిక. మొన్న నూరుతూ, "నాయనమ్మ వద్దని ఎప్పుడైనా అందామ్మా?" అని అడిగింది. అనే వీలు లేదని చెప్పాను. "మరి ఆ వీలు లేకుండా చేసిన వాళ్ళ పేర్లు ఎవరికైనా తెలుసా?" అంది. ఊళ్ళో అందరికీ తెలుసని చెప్పాను.